కూరగాయల సంచి: కౌలా, పాలా?

మా వైపు ఒకరి భూమిని ఇంకొకరు సాగు చేసుకోవడానికి రెండు తీర్లు ఉన్నాయి. కౌలుకు పట్టుకుంటే పంట పండినా ఎండినా మాట్లాడుకున్న పైకం భూమి గలవారి చేతిలో పెట్టాలి. పాలుకు పట్టుకుంటే పండినదాంట్లో భాగం ఇవ్వాలి, పండని ఏడు ఇద్దరూ చేతులు దులుపుకోవాలి. నల్లగొండ జిల్లాలో ఈ తేడా తెలియని రైతు ఉండడు. అయినా 2023 వానకాలంలో ముందే డబ్బు తీసుకుని వారం వారం సంచి ఇచ్చే పద్ధతిలో, మా అన్న చెలకలో పండే కూరగాయలకు పట్టణంలోని ముప్పై ఆరు కుటుంబాలను వాటాదారులుగా చేర్చినప్పుడు, మేము చేసుకుంటున్న ఒప్పందం కౌలా, పాలా అన్న సంగతిని నేను తేల్చలేదు. తేల్చకపోగా రెండు అర్థాలూ వచ్చేటట్టు కాగితం రాశాను. ఆ పంటకాలంలో వానలు చేసిన చెరుపు కన్నా ఆ కాగితం చేసిన చెరుపే నాకు ఎక్కువగా గుర్తుంది.

పొలం నల్లగొండ నుంచి మునుగోడు పోయే వైపు ఉంటుంది. ఎర్ర చెలక, పైన దుబ్బ, కింద గరుసు. కాలువ నీళ్లు రావు, ఉన్నది ఒక్క బోరు. రెండెకరాల పత్తి వాన మీదనే ఆధారపడుతుంది. బోరు కింద మాకు నలభై గుంటలు సొంతం ఉంది. అందులో సగం రాతి కడీల మీద తీగల పందిరి, సగం మడులు. పక్కనే ఇంకో ఇరవై గుంటలను అన్న కౌలుకు చేస్తున్నాడు. దాని పట్టాదారు హైదరాబాదులో ఉంటాడు. 2018లో మొదలైన రైతుబంధు సొమ్ము పట్టాదారు ఖాతాలోనే పడేది కాబట్టి, అప్పటికి ఎకరానికి పంటకు 5,000 రూపాయల చొప్పున ఆ ఇరవై గుంటల పైకం కూడా ఆయనకే చేరేది. అన్న ఇచ్చే కౌలు మాత్రం ఏ ఏడూ ఆగలేదు.

ముందుగా డబ్బు తీసుకుని తరువాత కూరగాయలు ఇవ్వడాన్ని కొత్త ఆలోచనగా రాస్తుంటారు. మా ఇంటికి అది కొత్తది కాదు. మా సరుకును కమీషనుకు అమ్మిపెట్టే అడ్తిదారు ఎప్పటి నుంచో ముందే ఇస్తున్నాడు. విత్తనాలకు ఇచ్చాడు, మోటరు కాలితే వైండింగుకు ఇచ్చాడు, ఒకసారి వదినె ఆపరేషనుకని రాత్రి పదకొండు గంటలకు ఫోను చేస్తే తెల్లవారే లోపల మనిషితో పంపించాడు. ఆయనను రాక్షసుడిగా నిలబెట్టి నా వాదనను గెలిపించుకోవాలని నాకు లేదు. కాని ఆ డబ్బుకు మూడు ముళ్లు ఉంటాయి. సరుకు ఆయన దుకాణానికే వేయాలి. నూటికి పది రూపాయల కమీషను, ఆ పైన తరుగు పేరుతో క్రేటుకు కిలోనో, రెండు కిలోలో పోతాయి. అన్నిటికన్నా గట్టి ముడి మూడోది: పంట పోతే బాకీ పోదు, వచ్చే పంట మీదికి ఎక్కుతుంది. అంటే అడ్తిదారు ఇచ్చే ముందస్తు డబ్బు కౌలు వంటిదే. వాటాదారులు ఇచ్చే డబ్బుకు దానికి తేడా ఉండవలసింది ఈ మూడో ముడి దగ్గరే. అక్కడ తేడా లేకపోతే, మనిషి మంచివాడా చెడ్డవాడా, కూరగాయలకు మందు కొట్టారా లేదా అన్నవి తరువాతి సంగతులు.

ఇది నా సొంత తెలివి కాదు. జపానులో 1970ల నుంచి ఇంటి ఇల్లాళ్లూ రైతులూ కలిసి తేకేయి అనే పేరుతో ఇటువంటి పొత్తులు నడిపారు. 1978లో అక్కడి సేంద్రియ వ్యవసాయ సంఘం దానికి పది సూత్రాలు రాసుకుంటే, పొలం నుంచి వచ్చినదంతా తీసుకోవాలన్నది అందులో ఒకటి. అమెరికాలో 1986లో ఇటువంటి పొత్తుతో మొదలైన తొలి రెండు పొలాల్లో ఒకటైన టెంపుల్-విల్టన్‌లో ఏడాది ఖర్చును సభ్యుల ముందు పెడతారు, ఎవరి శక్తి కొద్దీ వారు ఇంత ఇస్తామని చెప్తారు, కూరగాయలు ఎవరి అవసరం కొద్దీ వారు తీసుకుపోతారు. కిలోకు ఇంత అన్న లెక్కే అక్కడ లేదు. నేను ఇదంతా చదివి, అన్నకు చదివి వినిపించి, ఏప్రిల్ నెలలో నల్లగొండలో ఇల్లిల్లూ తిరిగాను. ఎనిమిదో ఇంట్లో, కుట్టు మిషను పెట్టుకున్న ఒకావిడ, "వారానికి ఎన్ని కిలోలు వస్తయి తమ్మీ?" అని అడిగింది. నోటికి ఆరు వచ్చింది. ఆ సాయంత్రమే కాగితంలో "వారానికి ఆరు కిలోలకు తగ్గకుండా" అని చేర్చాను. ఆ మాట లేకపోతే వాటాకు ఐదు వేలు ఎవరూ ఒక్కసారిగా చేతికివ్వరని భయపడ్డాను. పాలు అని నోటితో చెప్పి కౌలు అని కాగితం మీద రాసినట్టయింది.

ముప్పై ఆరు ఇండ్ల నుంచి లక్షా ఎనభై వేలు వచ్చాయి. జులై 2 నుంచి నవంబరు 12 దాకా ఇరవై ఆదివారాలు సంచులు ఇవ్వాలి, చివరి సంచి దీపావళి నాడు. డ్రిప్పు పైపులు మార్చడానికి, విత్తనాలకు, నారుకు, పందిరి తీగకు, కైకిలి (కూలి) వాళ్లకు మే నెలలోనే సగానికి పైగా ఖర్చయింది. అడ్తిదారు దగ్గరికి పోకుండా అన్న సాగు మొదలుపెట్టిన మొదటి ఏడు అదే. మే ఆఖరున మడులకు నీళ్లు కడుతూ ఆయన ఈల వేయడం విన్నాను. ఎన్నో ఏండ్ల తరువాత విన్నాను.

ఆ ఏడు రుతుపవనాలు వారం ఆలస్యంగా, జూన్ 8న కేరళను తాకాయి. మృగశిర కార్తె మా వైపు ఎండలోనే గడిచింది. దుక్కి దున్నిన పత్తి చెలక దుమ్ము లేస్తుంటే, బోరు కింద మాత్రం మే మొదట్లో నాటిన పది గుంటల టమాట కాపుకు వచ్చింది. ఆ ఎండలకు పూత చాలావరకు రాలిపోయినా, వారానికి డెబ్బై కిలోల దాకా నిలిచింది. అది మా అదృష్టం అనుకున్నాం. దేశమంతా పూత రాలడం, తెగుళ్లు తగలడం, ఆ పైన వానలు ఆలస్యం కావడం వల్ల టమాట కరువైంది. జులై మధ్యకు వచ్చేసరికి ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వమే బండ్ల మీద కిలో తొంభై రూపాయలకు అమ్మించింది. మా పట్టణంలో చిల్లర ధర వంద దాటి నూట యాభై వైపు నడిచింది. ఆ ఆదివారాల్లో మా సంచిలో ఇంటికి రెండు కిలోల టమాట ఉండేది. గడియారం సెంటరు దగ్గర ఒక వాటాదారుని ఇంటి అరుగు మీద మేము సంచులు పంచుతుంటే, దారిన పోయేవాళ్లు ఆగి, వాటా ఎట్లా తీసుకోవాలని అడిగేవాళ్లు.

అడ్తిదారు పొలానికే వచ్చాడు. చెట్టు మీదనే కిలో ఎనభై ఇస్తానన్నాడు. కమీషను వద్దు, తరుగు వద్దు. అన్న నా వైపు చూశాడు. నేను లెక్క వేసి చెప్పాను: మూడు వారాలకు రెండు వందల పదహారు కిలోలు, పదిహేడు వేల పైచిలుకు. వదినె ఏమీ అనలేదు. బిడ్డ కాలేజీ ఫీజు అప్పటికి కట్టలేదన్న సంగతి ఆ మౌనంలోనే ఉంది. అన్న కాసేపు గట్టు మీద కూర్చుని, "వాళ్ల పైసలతోనే నాటినం. వాళ్లయే," అని లేచాడు. ఆ మాట ఎంత పెద్దదో ఆ రోజు వాటాదారులకు నేను చెప్పలేదు. చెప్పుకుంటే బాగుండదనుకున్నాను. తరువాత జరిగినదంతా చూస్తే, ఆ మొహమాటం కాగితంలోని వాక్యం కన్నా పెద్ద తప్పనిపిస్తుంది. పొలంలో తమకు దక్కిన లాభం ఎంతో తెలియనివాళ్లకు నష్టం వచ్చినప్పుడు మాత్రం పాలు పంచుకోమంటే ఎట్లా పంచుకుంటారు?

జులై చివరి పది రోజులు ముసురు పట్టింది. ఉత్తర తెలంగాణ జిల్లాలను ముంచిన వానలతో పోలిస్తే మా దగ్గర పడింది తక్కువే. కాని ఎడతెరిపి లేని జల్లుకు మొలకెత్తుతున్న బెండ కుళ్లింది, పాలకూర, మెంతి మడులు బురదలో పడుకున్నాయి. మళ్లీ విత్తాం. విత్తిన తరువాత వాన పూర్తిగా మొహం చాటేసింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశంలో అంత తక్కువ వాన కురిసిన ఆగస్టు ఇంకొకటి లేదు. సాగర్ ఆ ఏడు నిండలేదు. ఆ పొడి ఎండకు తెల్లదోమ లేచి, బతికిన బెండకు పల్లాకు తెగులు తెచ్చింది. ఈనెలు పసుపు పచ్చగా మారిన మొక్కకు వైద్యం లేదు, పీకి కాల్చడమే. వేపగింజల కషాయం కొట్టాం, పసుపు రంగు జిగురు అట్టలు పెట్టాం. అవి దోమను కొంత ఆపుతాయి, అప్పటికే పట్టిన తెగులును ఆపవు. బెండ మడిలో మూడో వంతు మిగిలింది. వంగకు కాయతొలుచు పురుగు వచ్చింది. ఎండలకు ఓర్చుకుని నిండుగా కాసింది పందిరి మీది సొర ఒక్కటే. సొర కాపులో ఒక మూర్ఖత్వం ఉంది, అడిగినా అడగకపోయినా కాస్తుంది.

ఆ ఏడు శ్రావణం రెండుసార్లు వచ్చింది. అధికం ఆగస్టు 16తో ముగిసి, మరునాడు నిజ శ్రావణం మొదలైంది. నిజ శ్రావణంలో నీసు ముట్టని ఇండ్లు మా పట్టణంలో ఎన్నో ఉంటాయి. పూట గడవాలంటే వాళ్లకు కూరగాయలే దిక్కు. సరిగ్గా అప్పుడే మా సంచి చిక్కింది. ఆగస్టు 20న రెండున్నర కిలోలు, 27న మూడు, సెప్టెంబరు 3న మూడు. వరలక్ష్మీ వ్రతానికి చుట్టాలను పిలుచుకున్న ఇంటికి మేము ఇచ్చింది ఒక సొరకాయ, గుప్పెడు గోకరకాయ, రెండు కట్టల కొయ్యగూర. వాళ్ల కోపాన్ని నేను తప్పు పట్టలేను. కూర లేని వంటింటికి ఋతుపవనాల చరిత్ర చెప్పి ఏం లాభం?

సెప్టెంబరు 3న సంచులు పంచిన తరువాత ఒక వాటాదారుని మిద్దె మీద కూర్చున్నాం. పదకొండు మంది వచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన రైతు కష్టం గురించి చక్కగా మాట్లాడి, చివరికి తరువాతి వారాల్లో తూకం సరిచేయాలని అన్నాడు. బ్యాంకులో పనిచేసే ఒకాయన బజారు ధరలతో పోల్చిన పట్టిక తెచ్చాడు. అందులో జులై టమాట ధర లేదు, ఆగస్టు నుంచే మొదలైంది. కుట్టు మిషను ఆవిడ మాత్రం పట్టికలు తేలేదు. "మీరు ఆరు అన్నరు, నేను చీటీ పైసలెత్తి ఇచ్చిన," అంది. నాకు జవాబు దొరకలేదు. నాలుగు కుటుంబాలు విడిపోతామని, మిగిలిన పది వారాల డబ్బు ఇవ్వమని అడిగాయి. తలా రెండున్నర వేలు, మొత్తం పది వేలు. నేను వాదించబోయాను. అన్న నన్ను ఆపి, "రాసింది నువ్వే. ఆరు అన్నంక ఆరే. ఇచ్చెయ్యి," అన్నాడు.

ఇవ్వడానికి డబ్బు లేదు. అది డ్రిప్పు పైపుల్లో, పందిరి తీగలో, కైకిలిలో ఉంది. మరునాడు అన్న అడ్తిదారు దగ్గరికి పోయి పది వేలు తెచ్చాడు.

నా వాదనంతా ఈ ఒక్క సంగతి మీద నిలబడి ఉంది. అడ్తిదారు చేతిలో నుంచి బయటపడడానికి పెట్టుకున్న పద్ధతి, పంట తగ్గిన మొదటి నెలలోనే ఆయన గడపకు అన్నను తిరిగి తీసుకుపోయింది. నష్టం ఎక్కడికీ మాయమై పోలేదు. వాటాదారులు వద్దన్న నష్టాన్ని బాకీగా మార్చి అడ్తిదారు మోశాడు, మోసినందుకు సెప్టెంబరు టమాట మీద ముడి వేశాడు. వాన తిరిగి వచ్చి, జూన్‌లో నాటిన టమాట ఒక్కసారిగా పండే సమయానికి ధర కుప్పకూలింది. ఆయన కిలోకు ఎనిమిది కట్టాడు, కమీషను, తరుగు మామూలే. "జులైల అడిగితే ఇయ్యలె. ఇప్పుడు యాదికొచ్చిన్నా?" అన్నాడట. అందులో వెటకారం ఉంది, న్యాయం కూడా కొంత ఉంది. తిరిగి ఇచ్చిన పది వేలనూ, జులైలో అమ్ముకోకుండా పంచిన పదిహేడు వేలనూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాస్తే ఎవరు ఎవరికి బాకీ అన్నది ఇట్టే తేలుతుంది. కౌలు ఒప్పందంలో ఆ రెండో అంకె రాయడానికి చోటు ఉండదు. కౌలు అందుకునే భూమి గలవాడు పంట బాగా పండిందని సంతోషించి కౌలు తగ్గించుకోడు, పండలేదని జాలిపడీ తగ్గించడు.

అయితే ఆ ఆవిడ మాటను నేను చాలాకాలం నెమరు వేసుకున్నాను. నష్టంలో పాలు పంచుకోమని అడగడం నెల తిరిగేసరికి జీతం వచ్చే ఇంటిని అడిగితే ఒక తీరు, పెండ్లిళ్ల కాలం పోతే జాకెట్లు కుట్టించుకునేవాళ్లే రాని ఇంటిని అడిగితే ఇంకో తీరు. ఆమె బతుకులో వానలు, ఎండలు మా పొలంలో కన్నా తక్కువేమీ లేవు. ఉన్న అనిశ్చితికి ఇంకొంత కొనుక్కోమని ఐదు వేలు అడిగాం. వెళ్లిపోయిన నాలుగు కుటుంబాల్లో మూడింటికి నెల జీతం లేదు. జీతాలు ఉన్న ఇండ్లు గొణుక్కుంటూనైనా నిలిచాయి, నిలవగలిగాయి. అందరి నుంచీ ఒకే మొత్తం వసూలు చేసి, అందరి మీదా ఒకే బరువు పెట్టి, దానికి సమానత్వం అని పేరు పెట్టుకోవడం నాదే తప్పు. టెంపుల్-విల్టన్ వాళ్లు ఎవరి శక్తి కొద్దీ వారు అని ఎందుకు అన్నారో చదివినప్పుడు అర్థం కాలేదు, మిద్దె మీద అర్థమైంది.

మిగతా పది వారాలు మంచిగానే గడిచాయి. బీర, కాకర, టమాట, చిక్కుడు వచ్చాయి, సంచి ఎనిమిది కిలోలకు ఎక్కింది. ఇప్పుడు ఎక్కువైందని మొహం చిట్లించినవాళ్లూ ఉన్నారు. అక్టోబరులో బతుకమ్మకు గుమ్మడి ఆకులు, పూలు సంచిలో పెట్టి పంపాం. గౌరమ్మకు గుమ్మడి పువ్వు కోసం పట్టణంలో ఎంత వెతుకుతారో నాకు అప్పటిదాకా తెలియదు. మొత్తం పంటకాలంలో మాకు పైసా ఖర్చు కానిదీ, అందరూ ఫోను చేసి మెచ్చుకున్నదీ అదొక్కటే. అదే నెల 9న అసెంబ్లీ ఎన్నికల తేదీలు వచ్చాయి. అప్పటి నుంచి కోతకు మనుషులు దొరకలేదు. మూడు వందల యాభై కైకిలికి రోజంతా వంగి బెండకాయలు తెంపడం కన్నా సభకు పోయి నీడన కూర్చోవడం మేలని ఎవరనుకున్నా నేను తప్పనను. వదినె, బిడ్డ, సెలవు పెట్టి నేనూ తెంపాం. ఒక రోజు మధ్యాహ్నం అన్నం తినడానికి పోయి వచ్చేలోపల కోతుల గుంపు చిక్కుడు పందిరిని చూసిపోయింది. దాన్ని గురించి ఎక్కువ రాయడానికి మనసు రాదు.

దీపావళి సంచి ఇచ్చిన రాత్రి లెక్క చూసుకున్నాం. చివరి దాకా నిలిచిన ఇంటికి సగటున నూట పన్నెండు కిలోలు చేరాయి. మాట ఇచ్చింది నూట ఇరవై. అంటే మొత్తం మీద తగ్గింది ఎనిమిది కిలోలే. గొడవంతా ఎప్పుడు తగ్గింది అన్న దాని మీదనే జరిగింది. బయట అమ్మిన వాటితో కలిపి వచ్చిన పైకం లక్షా తొంభై నాలుగు వేలు. ఖర్చు లక్షా యాభై రెండు వేలు, తిరిగి ఇచ్చింది పది వేలు. మిగిలిన ముప్పై రెండు వేలు అన్నకూ వదినెకూ కలిపి తొంభై ఒక్క రోజుల కైకిలి. వాళ్లు ఒక్కొక్కరూ పొలంలో నిలబడిన రోజులు దానికి ఎంతో ఎక్కువ. పద్ధతిని మెచ్చుకునేవాళ్లు ఈ అంకెను ముందు చూడాలి.

2024 కాగితంలో కిలోల మాట తీసేశాను. దాని బదులు సాగు ఖర్చుల పట్టిక పెట్టాను, అందులో అన్న, వదినెల కైకిలి కూడా రాశాను. ఆ వరుసను కొట్టేయమని అన్న రెండుసార్లు అడిగాడు, మన పొలంలో మనకు కూలేమిటని. కొట్టేయలేదు. మూడున్నర వేల నుంచి ఎనిమిది వేల దాకా ఎవరికి తోచింది వారు ఇవ్వవచ్చు. మధ్యలో డబ్బు తిరిగి ఇవ్వబడదు, కాని వాటాను ఇంకో ఇంటికి అప్పగించవచ్చు. బయట ధర మరీ పెరిగిన పంటలో నాలుగో వంతును అన్న అమ్ముకోవచ్చు, ఆ లెక్క అందరికీ చూపించాలి. మొదటి పుటలోనే, ఇది కౌలు కాదు, పాలు అని మా యాసలో రాశాను. చేరినవి ఇరవై తొమ్మిది ఇండ్లు, ఏడు తగ్గాయి. బ్యాంకు ఆయన చేరలేదు. హెడ్మాస్టరు గారు ఎనిమిది వేలు ఇచ్చారు. పత్తికి అన్న ఇప్పటికీ అడ్తిదారు దగ్గరే తెస్తున్నాడు, దానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు.

కుట్టు మిషను ఆవిడ మే నెల ఆఖరున వచ్చింది. మూడున్నర వేలు లెక్కపెట్టి ఇచ్చి, కాగితం రెండుసార్లు చదివి, సంతకం పెట్టి, పక్కన "సొరకాయ వద్దు" అని రాయబోయింది. అటువంటివి రాయడానికి అందులో చోటు పెట్టలేదని అన్న అన్నాడు. ఆమె కాగితాన్ని వెనక్కి తిప్పి రాసింది.